చేప లేని కేక

ఆ ఏడు చేప రాలేదని ఊరంతా అనుకున్నారు. మోటారు పడవల చప్పుడుకి బెదిరిందని కొందరన్నారు. యుద్ధంలో మునిగిన ఓడల నూనె ఇంకా అడుగున కారుతోందని ఇంకొందరన్నారు. రోమ్ నుంచి ఆ సినిమా మనిషి పెట్టెలతో దిగిన దగ్గర్నుంచీ సముద్రం ముఖం తిప్పుకుందని ఆడవాళ్ళన్నారు. లెత్తేరియో ఏ మాటకీ అడ్డు చెప్పలేదు. చేప వచ్చిందనీ, వచ్చి తన కాళ్ళ కిందనుంచే దాటిపోయిందనీ అతనికి తెలుసు. ఎన్ని దాటిపోయాయో మాత్రం తెలియదు. చూడనివాటిని ఎవరు లెక్కపెట్టగలరు?

పెద్ద పడవని ఒడ్డుకి ఎదురుగా లంగరు వేసి, దాని నడుమ నిలబెట్టిన ఎత్తైన కొయ్య చివరికెక్కి, తోలుపట్టీతో నడుముని కొయ్యకి బిగించుకుని రోజంతా నీళ్ళలోకి చూడడం అతని పని. కింద నల్లరంగు చిన్న పడవ తయారుగా ఉంటుంది. అందులో నలుగురు తెడ్లవాళ్ళు, వాళ్ళకి ముందు బల్లెం పట్టుకుని అతని బావమరిది ప్లాచిదో. నీటిమట్టాన కూర్చున్నవాళ్ళకి కత్తిచేప కనపడదు. పైనుంచి లెత్తేరియో కేక వేస్తేనే చిన్న పడవ కదులుతుంది. అతని గొంతు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కేక పడ్డ క్షణం నుంచి బల్లెం దిగేదాకా రెండు పడవల మీదా అతని మాటకి ఎదురులేదు. పడవల యజమాని ఉన్నా అంతే, చర్చి ఫాదరు ఉన్నా అంతే.

ఈస్టర్ వెళ్ళాక ఒకరోజు నీళ్ళలో ఎవరో పాలు ఒంపినట్టు కనిపించింది. దక్షిణపు గాలి మోసుకొచ్చిన దుమ్మనుకున్నాడు. గాలి మారింది, పాలు మాత్రం అలాగే ఉన్నాయి. చామంతి నీళ్ళతో కళ్ళు కడుక్కున్నాడు. చర్చిలో కళ్ళని కాచే సెయింట్ లూసీ బొమ్మ ముందు, ఎవరూ చూడకుండా, కొవ్వొత్తి వెలిగించాడు. కనపడకపోవడం అంటే చీకటిలా ఉంటుందని అనుకునేవాడు ఇదివరకు. అలా ఉండదు. అక్కడ ఏమీ లేనట్టు ఉంటుంది. సముద్రం ఖాళీగా, శాంతంగా ఉన్నట్టు ఉంటుంది. సాయంత్రం కింద ఎవరో, "అదుగో అవతలి ఒడ్డువాళ్ళు ఒకదాన్ని పట్టారు, మన వైపునుంచే వెళ్ళింది," అన్నప్పుడు గాని తన కళ్ళ ముందు ఏం జరిగిందో అతనికి తెలిసేది కాదు.

చెప్పెయ్యాలని మే నెలలో అనుకున్నాడు, జూన్‌లోనూ అనుకున్నాడు. చెప్పడం కష్టమని కాదు. చెప్పగానే ఎప్పట్నుంచి అని అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గరే రోజూ ఆగిపోయేవాడు. దాటిపోయిన ప్రతి చేపా ఆరిళ్ళ చలికాలపు రొట్టె. మొదటి వారం చెప్పి ఉంటే ముసలితనం అనేవారు. ఇప్పుడు చెప్తే దానికి ఇంకో పేరుంటుంది. ఆ పేరు ఎవరూ అనకపోయినా, రేవులో తనకి చోటిచ్చి జరిగే మనుషుల భుజాల్లో అది కనిపిస్తుంది. అది మాత్రం కనిపిస్తుంది. అందుకని ప్రతి పొద్దునా ఎక్కాడు. ఎక్కిన ప్రతిసారీ దిగడం ఇంకొంచెం కష్టమైంది.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం, పడవ నీడన అందరూ తాళ్ళు సరిచేసుకుంటుంటే, ఆ సినిమా మనిషి బ్రిజ్జి వచ్చి ఇసకలో కూర్చున్నాడు. ముక్కు మీద ఎండకి తోలు లేచిపోయింది. అతను వచ్చి వారాలైంది. సముద్రం మీద మనుషులు ఎలా బతికారో, మోటార్లు వచ్చి అంతా పోకముందే ఫిల్ము మీదికి ఎక్కించాలంటాడు. చదువుకున్నవాడు ఎవడైనా ఇక్కడ డాక్టరుగారే. అలా పిలవడం విని మొదటి వారం ఒకావిడ దగ్గుతున్న పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. పాపం, అతను జేబులోంచి పిప్పరమెంటు తీసిచ్చాడు. దగ్గు తగ్గింది కూడా.

"నాకు ఫిల్ములో అన్నీ వచ్చాయి. తెడ్లు వచ్చాయి, బల్లెం వచ్చింది, నెత్తురు వచ్చింది. ప్లాచిదోగారు చేప చెంప మీద గోళ్ళతో శిలువ గీయడం కూడా వచ్చింది. కేక ఒక్కటే రాలేదు," అన్నాడు బ్రిజ్జి.

"కేకలకేం తక్కువండీ డాక్టరుగారూ, మా ఇంటికి రండి," అన్నాడు తెడ్లవాళ్ళలో ఒకడైన బాస్తియానో. లెత్తేరియో మధ్యాహ్నం తిండికి దిగినప్పుడు కొయ్య మీద నిలబడేది అతనే, ఆ వేసవి పడ్డ ఒకటి రెండు చేపలూ అప్పుడు పడ్డవే. "మా ఆవిడ పొద్దున్నే మొదలెడుతుంది. మీ యంత్రంలో టేపు చుట్ట అయిపోతుంది గాని ఆవిడ ఆపదు."

"నీలాంటి మొగుడుంటే సెయింట్ లూసీ అయినా అరుస్తుంది," అన్నాడు ప్లాచిదో.

బ్రిజ్జి కొంచెం ఆలస్యంగా నవ్వాడు. ఈ యాస అతనికి అంత తొందరగా అందదు. "చేప వచ్చిన రోజు గాలి ఎక్కువై యంత్రం కేకని పట్టలేదు. గాలి లేని రోజు చేప లేదు. ఇక నాలుగు రోజుల్లో నేను వెళ్ళిపోవాలి. రేపు లెత్తేరియోగారు పైకెక్కి, చేప ఉన్నట్టే ఒక్కసారి అరిస్తే చాలు. పడవ కూడా నిజంగా వెళ్తున్నట్టే వెళ్ళాలి."

అందరి చేతులూ తాళ్ళ మీద ఆగాయి.

"లేని చేపకి కేకెయ్యరండీ ఇక్కడ," అన్నాడు ప్లాచిదో.

"సినిమా కోసమే కదా."

"దేనికోసమైనా అంతేనండీ. చేప లేకుండా కేకేసినవాడు దిగిపోతాడు. పట్టీ ఇంకొకడికిచ్చి తెడ్డు పట్టుకుంటాడు. మళ్ళీ ఎక్కడు."

"అలా ఎవరైనా దిగారా?"

"అదిగో, ఆ మూలమీద ఇల్లు, తలుపువాళ్ళది. వాళ్ళ ముత్తాత నీళ్ళలో కొట్టుకొస్తున్న తలుపుని చూసి చేపనుకున్నాడు. బల్లెం వెళ్ళి చెక్కలో దిగింది. ఆ పూటే దిగిపోయాడాయన. ఇప్పటికీ ఆ ఇంట్లో పిల్లకి పెళ్ళి కుదిరితే తలుపువాళ్ళ పిల్లకి కుదిరిందంటారు."

"తలుపు మాత్రం మంచి తలుపు," అన్నాడు బాస్తియానో. "వాళ్ళ మేకల కొట్టానికి ఇప్పటికీ అదే."

బ్రిజ్జి తల వంచుకుని వేళ్ళ సందుల్లోంచి ఇసక జారుస్తున్నాడు. మేడ మీంచి అరిపించి చూశాననీ, కొండ మీంచి కూడా చూశాననీ, నేల మీద నిలబడ్డ మనిషి గొంతు వేరేగా ఉంటుందనీ గొణిగాడు. అతని గొంతులో ఉన్న అలసట లెత్తేరియోకి తెలిసిన అలసటే. లేనిదాన్ని ఉన్నట్టు చూపించవలసిన మనిషి అలసట. ఇతనూ రోజంతా ఒక గాజు వెనక నిలబడి, రానిదానికోసం చూస్తూ ఉన్నాడు.

"అరుస్తాను," అన్నాడు లెత్తేరియో.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని దాని అర్థం అతనికి పూర్తిగా తట్టలేదు. తట్టాక గుండెలో ఏదో పాత ముడి మెల్లగా జారినట్టైంది. సంతోషం కాదు. కూర్చోవడానికి ఎక్కడో అరుగు ఉందని తెలిసినప్పుడు మోకాళ్ళలో కలిగేది.

ప్లాచిదో అతనివైపు చూశాడు. చూసి, అందరికీ వినపడేట్టు, "సినిమాకైతే లెక్కలోకి రాదులే బావా," అన్నాడు.

"రేపు చూద్దాం," అన్నాడు లెత్తేరియో.

ఆ సాయంత్రం ఇంట్లో అతని భార్య లిబోరియా వేయించిన చిన్న చేపలూ రొట్టే పెట్టింది. అతను చెయ్యి చాచకముందే నూనె సీసా చేతికి తగిలింది. వేసవి మొదట్నుంచీ ఇంట్లో వస్తువులు వాటంతటవే అతనికి దగ్గరగా జరుగుతున్నాయి. దాని గురించి ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదు.

"అరుస్తానన్నావట," అంది.

"ఊఁ."

"మరి దిగుతావా?"

"దిగుతాను."

ఆమె చేప ముల్లు తీసి పక్కన పెట్టింది. "అయితే లోపల ఉన్ని బనీను వేసుకెళ్ళు. పైన గాలికి ఎండిపోతుంది గాని తెడ్డు దగ్గర ఒళ్ళంతా చెమట. మా నాన్నకి అలాగే రొమ్ము పట్టేసింది."

మర్నాడు గాలి లేదు. బ్రిజ్జి కెమెరాతో చిన్న పడవలో ప్లాచిదో వెనక ఇరుక్కున్నాడు. అతని శబ్దం యంత్రాన్ని పెద్ద పడవలో కొయ్య మొదట్లో పెట్టారు. లెత్తేరియో మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. పట్టీ బిగించుకున్నాడు. కింద సముద్రం రోజూలాగే పాలతో నిండి ఉంది. జలసంధికి అవతల కలాబ్రియా కొండలు ఉండవలసిన చోట ఒక మసక ఉంది. బ్రిజ్జి చెయ్యెత్తాడని బాస్తియానో పైకి చెప్పాడు.

గొంతు రాలేదు. నోరు తెరిచి ఉంది, గాలి ఉంది, కేక మాత్రం లోపలెక్కడో కాళ్ళు బిగబట్టి నిలబడింది. అబద్ధమాడ్డానికి భయమా అనుకున్నాడు. కాదు, అబద్ధం అతను వేసవంతా ఆడుతూనే ఉన్నాడు, నోరు విప్పకుండా. భయం వేరే. ఇదే ఆఖరి కేక. ఆఖరిది చేపకి కాకపోవడం ఒక్కటే అతనికి నచ్చలేదు.

అప్పుడు కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే నీళ్ళు తేటగా ఉన్నాయి. పాతికేళ్ళ కిందటి నీళ్ళో, నిరుటివో. ఆ నీళ్ళలో, దీపస్తంభం వైపునుంచి, రాగిరంగు నీడ ఒకటి జారుతూ వచ్చింది. వెనకనే ఇంకోటి. ముందుది ఆడది.

కేక వచ్చింది.

ఊళ్ళో కిటికీలు తెరుచుకున్నాయని తర్వాత చెప్పారు. లిబోరియా చేతిలో పని ఆపి నిలబడిపోయిందట. కింద తెడ్లు నీళ్ళని చీల్చిన చప్పుడు అతనికి వినపడింది. "కుడికి," అన్నాడు. "ఇంకా కుడికి. ఒడ్డువైపు తిరిగింది, వదలకండి. లోతుకి పోతోంది. ఆగండి. ఆగండి. వస్తోంది, మీ ముందుకే వస్తోంది. లాగండి." చేప తిరిగినప్పుడు అతని ఒళ్ళు తిరిగింది. అది భయపడ్డప్పుడు అతని గొంతు మెత్తబడింది, ఎప్పుడూ మెత్తబడినట్టే. పడవ ఆ నీడ మీదికి చేరేసరికి, "ఇప్పుడు," అని ఆపేశాడు.

ప్లాచిదో బల్లెం ఎత్తి నిలబడ్డాడు. నీళ్ళలోకి చూస్తూ, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా దించాడు. తెడ్లవాళ్ళు రొప్పుతున్నారు. ఎవరూ నవ్వలేదు. చేప లేదని అందరికీ ముందే తెలుసు. అయినా అందరూ పడవ అంచు మీదికి వంగి నీళ్ళలోకి చూశారు.

"అద్భుతం," అన్నాడు బ్రిజ్జి. "అద్భుతం."

చిన్న పడవ తిరిగొచ్చేసరికి లెత్తేరియో కిందకి దిగి ఉన్నాడు. తోలుపట్టీ విప్పి చేతికి చుట్టుకుని ఉన్నాడు. దాన్ని బాస్తియానో చేతిలో పెట్టాడు.

"ఇదేంటి మావా," అన్నాడు బాస్తియానో.

"కేకేశానా లేదా?"

"వేశావు. కానీ..."

"చేప ఉందా?"

బాస్తియానో మిగిలినవాళ్ళ మొహాలు చూశాడు. "సినిమాకి కదా మావా. సినిమాకి చేప ఎందుకుంటుంది?"

"తలుపు లెక్కలోకి వచ్చిందిగా, సినిమా ఎందుకు రాదు? ఎక్కరా. పొద్దెక్కుతోంది." అని చిన్న పడవలోకి దిగి బాస్తియానో చోట కూర్చుని తెడ్డు అందుకున్నాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

బ్రిజ్జి మొహంలో రంగు పోయిందని అందరూ చెప్పుకున్నారు. ఆ పూట ఇంకేమీ తియ్యలేదు. ఒడ్డుకి వెళ్ళి పెట్టె మీద కూర్చున్నాడు. సాయంత్రం పడవని ఇసక మీదికి లాగి మిగిలినవాళ్ళు వెళ్ళిపోయాక, ప్లాచిదో చుట్ట వెలిగించుకుని లెత్తేరియో పక్కన చేరాడు.

"ఎప్పట్నుంచి బావా?"

ఆ ప్రశ్న వచ్చేసింది. వేసవంతా దాన్నుంచే దాక్కున్నాడు. తీరా వస్తే అంత పెద్దగా ఏమీ లేదు. "ఈస్టర్ నుంచి," అన్నాడు.

"నేను నిరుడే అనుకున్నా. నువ్వు 'కుడికి' అంటే, నేను చూసుకుని కొంచెం తక్కువ కుడికి తిప్పించేవాణ్ణి. ఒకోసారి తగిలేది."

లెత్తేరియోకి చెవుల్లో వేడెక్కింది. నిరుడు పట్టిన చేపలు తనవనుకున్నాడు. "మరి అనలేదేంరా?"

"ఏమని అనను? నువ్వు పైనుండి కేకేశావు. పైనున్నవాడికి ఎదురు చెప్పడం మనింటా వంటా ఉందా?"

"ఇంకెవరికి తెలుసు?"

"అడక్కు," అన్నాడు ప్లాచిదో. చుట్ట నుసి రాల్చాడు. "దిగడానికి మంచి దారే చూసుకున్నావు. నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ పెద్దమనిషి తిండి మానేశాడట. విడిదింటావిడ చెప్పింది, పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉందట. మన ఆచారాన్ని తనే చెరిచానని, నీ బతుకు తీసేశానని ఒకటే ఏడుపట. వెళ్ళేలోపు చెప్పు."

చెప్పాలని లెత్తేరియోకీ ఉంది. మర్నాడు బ్రిజ్జి తనే వచ్చి క్షమించమన్నప్పుడు చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ మనిషి చెయ్యి పట్టుకున్న తీరులో ఏదో ఉంది. పశ్చాత్తాపపడేవాడు చెయ్యి అంత గట్టిగా పట్టుకోడు. తనవల్లనే ఇంత జరిగిందన్న బరువు అతనికి అవసరమేమో అనిపించింది. వారాల తరబడి సముద్రం అతన్ని లెక్కచెయ్యలేదు. ఇప్పుడు ఒక పని అతని చేతిమీదుగా జరిగింది, చెడ్డదైనా. ఆ ఆలోచనకి లెత్తేరియో తనమీద తనే చిరాకు పడ్డాడు. ఎదుటివాడి బాధలో గర్వం వెతికితే చెప్పవలసిన పని తప్పుతుంది, అందుకే వెతుకుతున్నాడు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. రెండింటిమధ్యా తేల్చుకునే ఓపిక ఆ రోజు అతనికి లేకపోయింది. అరచేతుల్లో బొబ్బలు లేచి ఉన్నాయి.

చివరికి బస్సు వచ్చే రోజున వెళ్ళాడు. బ్రిజ్జి రోడ్డు పక్కన తన పెట్టెల మధ్య నిలబడి ఉన్నాడు. లెత్తేరియోకి మనిషి ఎత్తూ తెల్ల టోపీ తప్ప ఏమీ ఆనలేదు.

"మీ కేక ఉన్న ఆ టేపు చుట్ట తీసి సముద్రంలో పారేస్తాను," అన్నాడు బ్రిజ్జి. "మీ కేక సినిమాలో పెట్టను. ఒట్టు."

"పెట్టండి. పారెయ్యడానికి కాదు కదా అరిచింది. మీకో మాట చెప్పాలని వచ్చాను. నేను మీవల్ల దిగలేదు. నాకు కళ్ళు కనపడవు. ఈస్టర్ నుంచి కనపడట్లేదు. ఎలా దిగాలో తెలీక పైనే ఉండిపోయాను. మీరు అడిగారు, దారి దొరికింది. అంతే."

చెప్పేశాడు. ఇంత చిన్నదా ఆ మాట అనుకున్నాడు. బ్రిజ్జి రెండు చేతులూ అతని భుజాల మీద పడ్డాయి.

"మీరు ఎంత మంచివారండీ," అన్నాడు. "నా మనసు తేలిక చెయ్యడానికి ఇంత మాట అంటున్నారు, మీ పేరు చెడినా పరవాలేదని."

"కాదండీ. నిజంగానే."

"నేను కెమెరాలోంచి చూశాను లెత్తేరియోగారూ. నీళ్ళు ఎక్కడ కదిలితే అక్కడికి పంపారు మీరు పడవని. అడుగు అటూ ఇటూ కాలేదు. కనపడనివాడు అలా నడపగలడా? నా దగ్గర సాక్ష్యం ఉంది, ఫిల్ము ఉంది. ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపిస్తాను."

లెత్తేరియో ఇంకోసారి నోరు తెరిచాడు. ఏమని చెప్పాలి? ఆ పడవ వెళ్ళిన చోట చేప లేదు కాబట్టి, ఎక్కడికి పంపినా అది సరైన చోటేనని చెప్పాలి. అది వినడానికి మామూలు మాటే. చెప్పడానికే చాలా పొడుగు. అప్పటికే మలుపులో బస్సు హారను వినిపించింది. "ఆరోగ్యం చూసుకోండి డాక్టరుగారూ. అన్నపానాలు మానకండి," అన్నాడు. పెట్టెలు ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాడు.

కేక సినిమాలో పెట్టాడట. వసంతంలో కార్డు రాశాడు, లిబోరియా చదివి వినిపించింది. రోమ్‌లో ఒక పెద్ద హాల్లో అది వినపడగానే జనం కదలకుండా కూర్చున్నారట. దాని తర్వాత చేప కూడా చూపించాడట, వేరే రోజుది. లిబోరియా కార్డుని అద్దం అంచులో దోపింది.

అదంతా తర్వాతి మాట. బస్సు వెళ్ళిన మర్నాడు లెత్తేరియో తెడ్డు దగ్గర కూర్చున్నాడు. ముందువాడి వీపు తప్ప చూడవలసిందేమీ లేదు. పైనుంచి బాస్తియానో గొంతు పడింది, సన్నగా, కంగారుగా, పచ్చిగా. కుడికి అన్నాడు, వెంటనే కాదు ఎడమకన్నాడు. లెత్తేరియో లాగాడు. 'ఎడమకి' అంటే ఎడమకి లాగాడు. చేప ఎక్కడుందో, ఉందో లేదో, అతను ఆలోచించలేదు. పడవ కుదిపింది, ప్లాచిదో విసిరిన బల్లెం తాడు సర్రున పరుగెత్తింది, తెడ్ల మీద నీళ్ళు చిమ్మాయి, ఎవరో సెయింట్ పీటర్‌ని తిట్టారు.

చేపని పడవలోకి లాగాక ప్లాచిదో దాని చెంప మీద నాలుగు వేళ్ళ గోళ్ళతో శిలువ గీశాడు. "సినిమావాడు పోయాడు, చేప వచ్చింది," అన్నాడు తెడ్లవాళ్ళలో ఒకడు. "చెప్పలేదూ? ఆ పెట్టె చూసే దడుసుకుంది."

"అంతేనంటావా," అన్నాడు ప్లాచిదో, లెత్తేరియోవైపు చూడకుండా.

"అంతే అయ్యుంటుంది," అన్నాడు లెత్తేరియో. చెయ్యి చాచి చేప ఒంటిని తడిమి చూశాడు. పొడుగ్గా, చల్లగా, అంచనాకి మించి పెద్దదిగా ఉంది. చొక్కా కింద ఉన్ని బనీను తడిసి వీపుకి అంటుకుపోయి ఉంది.